అద్దె తినే మనిషి

మా బంధువుల పెళ్లిళ్లలో "బావున్నావా" అన్న ప్రశ్నకి జవాబు ఎవరూ వినరు. అది తర్వాతి ప్రశ్న కోసం అడిగే ప్రశ్న. "మీ వైపు గజం ఎంత నడుస్తోంది?" కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చి హైదరాబాద్‌లో పాతుకుపోయిన మా వాళ్లకి ఇల్లంటే ఉండేది కాదు, పెరిగేది. ఎవరు ఏ వైపు, ఎంతకి కొన్నారన్నదాన్ని బట్టి మనిషి తెలివిని తేల్చేస్తారు. ఆ పరీక్షలో నేను తప్పాను. పప్పు వడ్డించే లోపలే మా అన్నయ్య ఆ సంగతి పక్కవాళ్లకి చెప్పేస్తాడు. "మా చెల్లెలు సీతాఫల్‌మండిలో పాత ఇల్లు కొంది. అద్దెల కోసం." ఆ "అద్దెల కోసం" దగ్గర గొంతు కాస్త తగ్గిస్తాడు, ఇంట్లో ఎవరికో ఉన్న జబ్బు గురించి చెప్తున్నట్టు.

వాళ్లు నా వైపు జాలిగా చూస్తారు. నేను ఆవకాయ ఇంకొంచెం వేయించుకుంటాను.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు, ముందే చెప్తున్నాను. నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని యూనివర్సిటీ క్యాంపస్‌కి తీసుకెళ్లి ఎం.కామ్‌లో చేర్పించింది అతనే. నేను పెళ్లి వద్దన్నప్పుడు ఇంట్లో అందరూ నెలల తరబడి నాతో మాట్లాడకపోతే, మాట్లాడింది అతనొక్కడే. ప్రైవేటు కంపెనీలో ఇంజనీరు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లో నడుస్తాం. తార్నాక వైపు నుంచి లోపలికి వెళ్లి, హాస్టళ్లు దాటి, పెద్ద రాతి భవనం దాకా నడిచి, వెనక్కొచ్చి ఇరానీ చాయ్ తాగుతాం. మా గొడవలన్నీ ఆ దారిలోనే జరిగాయి. మధ్యమధ్యలో అతని ఫోన్ మోగుతుంది. ఆదివారమైనా సరే, అతను చెట్టు పక్కకి వెళ్లి నిలబడి "ఎస్ సర్" అంటాడు. నేను బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగుతాను.

ఇక నా సంగతి. తార్నాకలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. ఏడాదికి పది నెలలే జీతం. ఎండాకాలం జీతం ఉండదు, పని మాత్రం ఉంటుంది. అడ్మిషన్లు తేవాలి. మే నెలలో మౌలాలి సందుల్లో గొడుగేసుకుని, ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లు వెతుక్కుంటూ, "మా కాలేజీలో చేర్పించండమ్మా" అని తలుపు తలుపూ కొట్టేవాళ్లం. ఎం.కామ్‌లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నది ఇందుకా అని ప్రతి తలుపు దగ్గరా ఒళ్లు మండేది. లోపల్నుంచి ఎవరో "ఏంది, సబ్బులు అమ్మెటోళ్లా?" అని అడిగితే, నాతో వచ్చిన మా ఇంగ్లీషు మేడమ్, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. జూన్ వచ్చాక కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారి గది ముందు వరసగా కూర్చోవాలి. మళ్లీ ఉంచుకుంటారో లేదో ఆ గదిలో చెప్తారు. లోపల ఆయన ఏమన్నా "సరే సార్" అనాలి. జీతం పెంచనన్నా సరే సార్, ఇంకో రెండు పేపర్లు చెప్పమన్నా సరే సార్.

నాకు బంగ్లా వద్దు, కారొద్దు. ఒక్క జూన్‌లో, ఒక్కసారి, ఆ గదిలో నిలబడి "కుదరదు" అని చెప్పి బయటికి రావాలి. వచ్చాక ఆకలితో చావకూడదు. నా జీవితంలో ఆస్తి గురించి నేను చేసిన ఆలోచనంతా ఇంతే.

మా నాన్న పోయిన తర్వాత ఊళ్లో స్థలం అమ్మితే నా వాటా నాకొచ్చింది. ఆ వారమే అన్నయ్య ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. ఔటర్ రింగ్ రోడ్డుకి అవతల పెద్ద వెంచర్, ఇంకా పునాదుల్లో ఉంది. ఇప్పుడు కొంటే చవక. నా డబ్బు మొదట కట్టే వాటాకి సరిపోతుంది, మిగతాదంతా బ్యాంకు అప్పు. నాలాంటి కాంట్రాక్టు లెక్చరర్ జీతాన్ని నమ్మి బ్యాంకు అంత అప్పివ్వదు గనక తను కూడా సంతకం పెడతానన్నాడు. తెర మీద పచ్చ గీత ఒకటి ఏటవాలుగా పైకి పోతోంది. "చూడు, ఇది నీ ఈక్విటీ" అన్నాడు.

ఆ మాటలు నేను ఫైనలియర్ పిల్లలకి చెప్పే పాఠమే. ఈక్విటీ అంటే అప్పు పోగా ఇంట్లో మన వాటా. ధర పెరిగితే అది పెరుగుతుంది, మనం నిద్రపోయినా పెరుగుతుంది. క్యాష్ ఫ్లో అంటే అద్దె వచ్చాక, ఈఎంఐ, పన్నులు, రిపేర్లు పోగా చేతిలో మిగిలేది. పాఠంలో రెండిటికీ చెరో పేజీ ఉంటుంది. ఏది ఎంచుకోవాలో మాత్రం ఉండదు. అది ఎవరి మెడ మీద ఎవరి కాలుందో చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం.

ఆ ఆదివారం నడుస్తూ అడిగాను. "ఫ్లాటు కట్టేదాకా అద్దె రాదు కదా అన్నయ్యా. అన్నేళ్లూ ఈఎంఐ ఎవరు కడతారు?"

"నీ జీతం ఉందిగా."

"మేలో, జూన్‌లో?"

"ఏదో సర్దుకోవాలి. నేను లేనూ?"

"కట్టాక వచ్చే అద్దె ఈఎంఐకి సరిపోతుందా?"

"అద్దెదేముందే. అద్దె సగానికి కూడా రాదు, ఎవరికీ రాదు. నువ్వు అద్దె వైపు చూడకు, ధర వైపు చూడు. అద్దె తిని బతికేవాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండిపోతారు."

నేను ఆగిపోయాను. నాకు లెక్క అర్థమైంది. ఆ ఫ్లాటు కొంటే నేను ఆ కాలేజీలో రిటైరయ్యేదాకా "సరే సార్" అనాలి. ఒక్క నెల మానినా వాయిదా తప్పుతుంది, తప్పితే అన్నయ్య మెడకి చుట్టుకుంటుంది. ఇప్పటిదాకా కరస్పాండెంట్ ఒక్కడికే భయపడుతున్నాను, రేపట్నుంచి బ్యాంకుకీ అన్నయ్యకీ కూడా భయపడాలి. ఆస్తి మాత్రం పచ్చ గీతలా పైకి పోతుంటుంది. "ఫ్లాటు పెరుగుతుంది, నేను అరిగిపోతాను" అన్నాను. "నీకు డైలాగులు ఎక్కువ" అన్నాడు.

సీతాఫల్‌మండి ఇల్లు నా అంతట నేనే వెతుక్కున్నాను. రైల్వే స్టేషన్‌కి దగ్గర, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన సందు. కింద ముందు పోర్షను, వెనకాల చిన్నది ఒకటి, బయట మెట్ల మీద నుంచి పైన పెద్ద పోర్షను. సంపు ఉంది, మంజీరా నీళ్లు వస్తాయి, క్యాంపస్‌కి నడిచి పోవచ్చు. అన్నయ్య వచ్చి ముందు సందుని చూశాడు, తర్వాత గోడల్ని, తర్వాత నన్ను.

"దీన్ని మళ్లీ ఎవరు కొంటారే?"

"అమ్మను కదా."

"అమ్మకపోతే కొనడం ఎందుకు?"

ఈ ప్రశ్న వేసింది ఎంటెక్ చదివిన మనిషి. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఎందుకంటే తర్వాతి మాట ఇది: "ఫ్లాటయితే సంతకం పెడతాను. దీనికి పెట్టను." నా మంచికే అన్నాడు. నిజంగా నా మంచికేనని నమ్మాడు కూడా. నా మంచిని నాకంటే బాగా ఎరిగినవాళ్ల మధ్యే నేను పుట్టి పెరిగాను, ఆ నమ్మకం నాకు కొత్తేం కాదు. "నీ సంతకం నీ దగ్గరే పెట్టుకో అన్నయ్యా" అన్నాను. ఆ తర్వాత చాలా ఆదివారాలు నేనొక్కదాన్నే నడిచాను.

సంతకం లేదంటే అప్పు తగ్గాలి. గాజులు, గొలుసు అమ్మేశాను. చిట్టీ పాడుకున్నాను. చివరికి నా ఒక్క జీతం మీద బ్యాంకు ఎంత ఇస్తానందో అంతకంటే తక్కువే తీసుకున్నాను. ఒకే నియమం పెట్టుకున్నాను. కింద ముందు పోర్షను అద్దె ఎంతో, ఈఎంఐ అంతకు మించకూడదు. ఇన్నేళ్లు బోర్డు మీద "అప్పుతో ఆస్తిని పెంచుకోవడం" అని రాసి, కింద గీత గీసి, పిల్లల చేత బట్టీ పట్టించాను. నా దగ్గరికొచ్చేసరికి ఆ పాఠాన్ని డస్టర్ పెట్టి తుడిచేశాను.

వెనక పోర్షనులోకి నేను దిగాను. ముందు పోర్షనులోకి రైల్వేలో పనిచేసే ఒకాయన కుటుంబం వచ్చింది. పాలు పొంగించుకుని, నాకో గ్లాసు పరమాన్నం ఇచ్చి, ఒకటో తారీఖు సాయంత్రానికి అద్దె వేయడం మొదలుపెట్టారు. పై పోర్షను దగ్గరే సందుకీ నాకూ పేచీ వచ్చింది. ఆ సందులో ప్రతి టులెట్ బోర్డు మీదా "ఫ్యామిలీస్ ఓన్లీ" అని ఉంటుంది. నేను ఆ మాట రాయకుండా కట్టాను. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ముగ్గురమ్మాయిలు వచ్చారు. ముగ్గురూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. నల్లకుంట దాకా తిరిగి తిరిగి, కులం అడిగినచోటల్లా వెనక్కి తిరిగినవాళ్లు. నేను అడగకుండా తాళం చేతికిచ్చేసరికి వాళ్లలో పెద్దమ్మాయి అనుమానంగా చూసింది.

"మేడమ్, ఇంకేం అడగరా మీరు?"

"నీళ్లు వృథా చేయొద్దు. అద్దె టైముకి ఇవ్వండి."

మొదటిదానికి తలూపింది. రెండోదానికి ఊపలేదు. నేను గమనించుకోవాల్సింది.

మూడో నెల నుంచి పై అద్దె ఆగిపోయింది. పెద్దమ్మాయి కిందికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "మేడమ్, ఫెలోషిప్ ఇంకా పడలే. పడంగనే మొత్తం ఇస్త. మేం ఎక్కడికి పోం, నమ్మండి." నమ్మాను, కానీ నమ్మకం పెట్టి నీళ్ల మోటారు బాగుచేయించలేం కదా. ఆ నెలలోనే అది కాలిపోయింది. వానకి మెట్ల పక్క గోడ ఉబ్బింది. అప్పుడే అన్నయ్య ఫోను. "క్యాష్ ఫ్లో, క్యాష్ ఫ్లో అన్నావు. ఏదీ ఫ్లో?" ఫోన్ పెట్టేశాక గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగాను. అతని మాట తప్పయితే అంత కోపం వచ్చేది కాదు.

పొరపాటు నాదే. నెలకి అద్దె ఇంత అని రాసుకుని పన్నెండుతో హెచ్చవేసుకున్నాను. పుస్తకంలో అద్దె అలాగే వస్తుంది మరి. క్యాంపస్ చుట్టూ డబ్బు అలా నడవదు. ఫెలోషిప్ పడినప్పుడు ఒక్కసారే మూటలా పడుతుంది, పడనప్పుడు నెలల తరబడి పడదు. టిఫిన్ బండివాడి దగ్గర్నుంచి థీసిస్‌లు బైండింగ్ చేసేవాడి దాకా అక్కడ అందరూ ఆ వరసకే అలవాటు పడ్డారు. ఆ క్యాంపస్‌లోనే చదివి, ఏడాదికి పది నెలల జీతం మీద బతుకుతున్న నాకు ఈ సంగతి తట్టకపోవడం వింతే.

ఎండలు ముదిరే వేళకి ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి దిగారు. బాకీ మొత్తం వేసేశారు, రాబోయే నెలలకి కూడా కలిపి. "మళ్ల ఎప్పుడు పడతదో తెల్వదు మేడమ్, గందుకే ఇప్పుడే తీస్కోండి" అంది పెద్దమ్మాయి. మే నెల మొదట్లో, నాకు జీతం రాని కాలంలో, నా ఖాతాలో డబ్బుంది. ఆ రాత్రి భోజనం చేస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఏడుపు కాదది, పొగరు. ఇక ఆ రోజు నుంచి ఇంటి లెక్క మార్చేశాను. ముందు పోర్షను బ్యాంకుది. పై పోర్షను వచ్చినప్పుడు వస్తుంది, వచ్చేదాకా దాన్ని తలవను, వచ్చాక అందులో కొంత గోడలకీ మోటారుకీ తీసి, మిగిలింది నా ఎండాకాలానికి. ఆ మేలో మౌలాలి వెళ్లనని చెప్పేశాను. ఒంట్లో బాగా లేదన్నాను. అప్పటికింకా నిజం చెప్పేంత ధైర్యం లేదు.

ఈలోపు ఆ వెంచర్‌లో ఫ్లాటు అన్నయ్యే కొనుక్కున్నాడు. అది పెరిగింది. ఉన్నదున్నట్టు చెప్పాలి, బాగా పెరిగింది. మళ్లీ కలిసి నడవడం మొదలుపెట్టాక ప్రతి రెండు మూడు నెలలకీ కొత్త రేటు చెప్పేవాడు, నేను వింటూ నడిచేదాన్ని. ఆ లెక్కన నేను ఓడిపోయాను. నా ఇల్లు కూడా కాస్త పెరిగే ఉంటుంది, ఎవరినీ అడగలేదు. పెరిగిన ధర తినాలంటే ఇల్లు అమ్మాలి, లేదా దాని మీద ఇంకో అప్పు చేయాలి. అద్దె తినడానికి తాళం తీసి ఇస్తే చాలు. ఇది చెప్తే అన్నయ్య "చిన్న బుద్ధి" అనేవాడు. ఉండనీ. చిన్న బుద్ధే నాకు నిద్ర పట్టించింది.

మొన్న జూన్‌లో కాలేజీ కొత్త పద్ధతి తెచ్చింది. మధ్యలో మానేయకుండా ఉండాలని లెక్చరర్లందరూ ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి కాలేజీకి అప్పజెప్పాలి. టెన్త్ మెమో నుంచి పీజీ డిగ్రీ దాకా. చాలా కాలేజీల్లో ఉన్నదే, మా దాంట్లో ఆలస్యంగా వచ్చింది. కరస్పాండెంట్ గది ముందు అందరూ ప్లాస్టిక్ ఫోల్డర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంగ్లీషు మేడమ్ తన ఫోల్డర్ మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. నేను ఉత్త చేతులతో వెళ్లాను.

"మేడమ్, ఒరిజినల్స్?"

"ఇవ్వను సార్. జిరాక్సులు ఫైల్లో ఉన్నాయి."

"అందరూ ఇస్తున్నారు."

"వాళ్లిష్టం సార్."

ఆయన కళ్లజోడు తీశాడు. కోప్పడలేదు, అదే ఇంకా మండించింది. "ఈ వయసులో బయట ఎవరు తీసుకుంటారు మేడమ్ మిమ్మల్ని? ఆలోచించుకోండి. రేపు తీసుకురండి." ఇన్నేళ్లూ ఆ కుర్చీ ముందు నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పుడూ నాలిక చివరికి వచ్చింది. వెనక్కి మింగాను.

"కుదరదు సార్" అన్నాను.

మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలకుండా పట్టుకున్నాను. అది కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో వీరనారినని అనుకుంటారు. బస్సెక్కకుండా క్యాంపస్ లోపల్నుంచి నడిచి ఇంటికొచ్చాను. ఆ దారిలోనే నా పీజీ అయింది, ఆ కాగితాలు నావి. ఇంటికి రాగానే బీరువా తీసి ఫోల్డర్ ఉందో లేదో చూసుకున్నాను.

కబురు తెలిసి ఆదివారం అన్నయ్య నడకకి రమ్మనకుండా ఇంటికే వచ్చాడు. పైనించి అమ్మాయిల నవ్వులు వినిపిస్తున్నాయి. టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొదలుపెట్టాడు.

"ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టలేదూ? సర్టిఫికెట్లు కాలేజీలో పెడితే ఏం పోయేది?"

"అప్పు తీరగానే బ్యాంకు నా కాగితాలు నాకిచ్చేస్తుంది అన్నయ్యా. ఆ కాలేజీకి నేనేం బాకీ?"

"మాటలకేం, బానే చెప్తావు. అది కాదు, నేను కనుక్కున్నాను. దీన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తే, బిల్డరు పడగొట్టి కడతాడు, నీకు రెండు ఫ్లాట్లు వస్తాయి. మూడేళ్లు ఓపిక పట్టు. ఎంత పెరుగుతుందో తెలుసా?"

"ఆ మూడేళ్లూ అద్దె?"

"మళ్లీ అద్దె." గ్లాసు కింద పెట్టేశాడు. గొంతులో కోపం పోయి భయం వచ్చింది, నా గురించిన భయం. "ఉద్యోగం లేదు. పెద్ద వయసు వచ్చేస్తోంది. నిజంగా అడుగుతున్నానే, ఇప్పుడేం తింటావు?"

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న. ఆవేశంగా చెప్తాననుకున్నాను, మామూలుగానే వచ్చింది.

"అద్దె తింటాను అన్నయ్యా."

అతను ఏదో అనబోయాడు. జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి లేచి నిలబడ్డాడు, గుమ్మం దాటి మెట్ల పక్కకి వెళ్లాడు. ఇది చిన్న ఇల్లు, అన్నీ వినిపిస్తాయి. "ఎస్ సర్. లేదు సర్, ఆదివారమైనా ఫర్వాలేదు సర్. ఇప్పుడే ఇంటికెళ్లి పంపిస్తాను సర్. అలాగే సర్. సరే సర్." అక్కడ బూటు లేసులు లేవు నాకు వంగడానికి. తల దించుకుని అతని టీ మీద మూత పెట్టాను. నాకు గెలిచినట్టు అనిపించలేదు, అతన్ని ఆ గుమ్మం లోపలికి లాగి తలుపేయాలనిపించింది.

తిరిగి వచ్చి కూర్చోకుండా, కారు తాళాలు తీసుకుంటూ అడిగాడు. "ఏమన్నావు ఇందాక?"

"అద్దె తింటానన్నాను" అని మళ్లీ చెప్పాను.

అతను గ్లాసు మూత తీసి, చల్లారిన టీ నిలబడే తాగి వెళ్లిపోయాడు.